బొలోన్యాలో నడిచిన కాళ్ళు

ఇటలీ నుంచి జెద్దాకు తిరిగొచ్చి పదహారు రోజులైంది గానీ, హుస్సేన్‌బీ కాళ్ళు మాత్రం ఇంకా ఇల్లు చేరలేదు. ఇస్త్రీ బల్ల ముందు నిలబడితే పిక్కలు లాగుతున్నాయి. ఉల్లిపాయలు తరుగుతూ తరుగుతూ కత్తి పక్కన పెట్టి హాల్లోకి వెళ్తుంది. ఎందుకొచ్చిందో గుర్తురాక మళ్ళీ వంటింట్లోకి వస్తుంది. బట్టలారేయడానికి రోజుకొకసారి మిద్దెక్కే మనిషి ఇప్పుడు నాలుగుసార్లు ఎక్కుతోంది. అక్కడ పిట్టగోడ ఆమె తలకన్నా ఎత్తు. దాని మీదుగా ఎదురింటి నీళ్ళ ట్యాంకులూ ఆకాశమూ తప్ప మరేమీ కనిపించవు. అయినా ఎక్కుతోంది.

"ఏంటండీ ఆ తిరుగుడు, కాలుగాలిన పిల్లిలాగ?" అన్నాడు భూషణం ఒకనాడు కారు తుడుస్తూ. ఆ ఇంటి డ్రైవరు. రాజోలు మనిషి. ఇంట్లో తెలుగు మాట్లాడేది వాళ్ళిద్దరే.

"ఏమో అన్నా. కుదురుగా నిలబడలేకుండా ఉండా," అంది హుస్సేన్‌బీ.

ఆమెది రాయచోటి పక్కన చిన్నమండెం. దూదేకులవాళ్ళ ఆడబిడ్డ. పుట్టింట్లో మాట్లాడింది తెలుగే. ఉర్దూ ముక్కలు జెద్దా వచ్చాక, దర్జీ షాపుల్లో పాకిస్తానీల దగ్గర నేర్చుకున్నవి. మొగుడు మదనపల్లెలో ఇంకొకామెతో కాపురం పెట్టాక, తొమ్మిదేళ్ళ కూతురు షమీమ్‌ను అక్క దగ్గర వదిలి విమానమెక్కింది. షమీమ్ ఇప్పుడు తిరుపతిలో నర్సింగు చదువుతోంది. మధ్యలో మూడుసార్లు ఊరికి వెళ్ళి రావడం తప్పిస్తే, పదకొండేళ్ళుగా హుస్సేన్‌బీది ఈ ఒక్క ఇల్లే. హుస్సేన్ అనేది మగవాళ్ళ పేరని మేడమ్ హనాన్ మొదటిరోజే ఆమెను 'హుస్నా' చేసింది.

చెడ్డ ఇల్లేమీ కాదు. కొట్టరు. పస్తు పెట్టరు. కానీ పదకొండేళ్ళలో ఆమె జెద్దాను చూసిందంతా కారు అద్దంలోంచే. గేటు లోపల కారెక్కి మాల్ కింద దిగడం, అక్కడ ఎక్కి గేటు లోపల దిగడం. సముద్రపు ఒడ్డుకు పోయినా చేతిలో పాప బండి ఉండాల్సిందే, మేడమ్ పది అడుగుల ముందు నడవాల్సిందే. ఒంటరిగా ఒక వీధి దాటిన జ్ఞాపకం లేదు. అది లోటని కూడా ఆమెకు ఎప్పుడూ తోచలేదు. తోచినదంతా బొలోన్యాలోనే.

ఆ ఇంటి యజమానిని అందరూ బాబా అంటారు. ఆయనది టైల్స్ వ్యాపారం. ఏటా సెప్టెంబరు చివర్లో బొలోన్యాలో జరిగే టైల్స్ ప్రదర్శనకు వెళ్తాడు. ఈసారి భార్యనూ ఐదేళ్ళ కూతురు తాలీన్‌నూ కూడా తీసుకెళ్ళాడు. తాలీన్‌ను చూసుకోవడానికి హుస్సేన్‌బీ తప్పనిసరి. ఆమె పాస్‌పోర్టు మిగతా వాళ్ళ వాటితో కలిసి హోటల్ గది ఇనప్పెట్టెలో ఉండిపోయింది.

మొదటి రెండు రోజులూ పాప వెనకాలే సరిపోయింది. మూడోరోజు పొద్దున బాబా ప్రదర్శనకు వెళ్ళాడు. మేడమ్ పాపను తీసుకుని, అక్కడే ఉన్న తన చెల్లెలితో రైల్లో మిలాన్‌కు బయల్దేరింది.

"బట్టలు ఇస్త్రీ చెయ్యి. గదిలోనే ఉండు. సాయంత్రానికి వస్తాం," అంది.

హుస్సేన్‌బీ చొక్కాలన్నీ ఇస్త్రీ చేసి కిటికీ దగ్గర కూర్చుంది. కింద సన్నని వీధి. వీధికి రెండు పక్కలా కమానులు, స్తంభాలు, వాటి పైన ఇళ్ళు. ప్రతి ఇంటికీ పంచ ఉంది. ఈ ఇంటి పంచ ఆ ఇంటి పంచలో కలుస్తోంది, అది పక్కదాంట్లో. జనమంతా ఆ నీడలోనే నడుస్తున్నారు, ఒకే ఇంట్లో అటూ ఇటూ తిరుగుతున్నట్టు. ముసలామె ఒకతి చేతికర్ర పొడుచుకుంటూ, ఎవరి తోడూ లేకుండా, తాపీగా పోతోంది. ఆమె మలుపు తిరిగి కనుమరుగయ్యేదాకా చూసింది హుస్సేన్‌బీ. ఆ మలుపు అవతల ఏముందో తెలుసుకోవాలనిపించింది. అంతే.

గది కార్డు జేబులో వేసుకుని దిగింది. ఎవరైనా ఆపుతారేమోనని గోడ పక్కగా నడిచింది. రిసెప్షన్లో అమ్మాయి తలెత్తి నవ్వి మళ్ళీ తన పనిలో పడింది.

మలుపు దాకా వెళ్ళి వెనక్కి చూసింది. హోటల్ తలుపు కనిపిస్తూనే ఉంది. ఎదురుగా ఒక అంగడి, అందులో ఉన్నవన్నీ బొత్తాలే. గుర్తు బాగుంది అనుకుంది. ఇంకో మలుపు. అక్కడ పచ్చ తలుపు గుర్తు. మూడో మలుపులో స్తంభానికి ఆనుకుని పడుకున్న నల్ల కుక్కను గుర్తు పెట్టుకుంది. కుక్క లేచి వెళ్ళిపోతుందని ఆ నిమిషాన తట్టలేదు.

అట్లా మొదలైంది నడక. ఇటు పోదాం అని ఆమె అనుకుంటే ఇటు, అటు అనుకుంటే అటు. అడిగేవాళ్ళు లేరు. ఒక వీధిలో కూరగాయలు, చేపలు, అద్దాల వెనక ఉంగరాల్లా చుట్టిన పిండి వంటకాలు. ఒక అంగడి చూరు నిండా పందితొడలు వేలాడుతుంటే ముక్కు మీద తలగుడ్డ అంచు వేసుకుని గబగబా దాటేసింది. ఎర్ర ఇటుకల బురుజులు రెండు కనిపించాయి. ఒకటి ఆకాశంలోకి పోయింది. రెండోది తాగినవాడిలా పక్కకు ఒరిగింది. దాని చుట్టూ కంచె వేసి, పడకుండా ఇనప కట్టలు కట్టారు. మెడ నొప్పి పుట్టేదాకా చూసి, షమీమ్ కోసం దారి పొడుగునా తీస్తున్న ఫోటోల్లో దాన్నీ తీసుకుంది. జెద్దా సిమ్ము అక్కడ పలకదు, ఫోను ఫోటోలకే.

పెద్ద మైదానం లాంటి చోటుకు వచ్చింది. ఎదురుగా పేద్ద చర్చి. కింద సగం పాలరాయి, పైన సగం ఉత్త ఇటుక. హుస్సేన్‌బీ ఆగి పకపకా నవ్వింది. చిన్నమండెంలో కువైట్ పోయినోళ్ళు కట్టుకునే ఇళ్ళు ఇట్లాగే ఉంటాయి, కింద గ్రానైటు, పైన సిమెంటు కూడా పూయని గోడ. ఇన్ని వందల ఏండ్ల ఊరికీ అదే గతి పట్టిందా అనుకుంది.

ఆ పక్కనే పాత భవనం కింద నాలుగు దారులు కలిసేచోట గుమ్మటంలాంటి కప్పు ఉంది. దాని మూలల్లో మనుషులు గోడవైపు తిరిగి నిలబడి ఉన్నారు, అయ్యవారు శిక్ష వేసిన బడిపిల్లల్లాగా. కాసేపు గమనిస్తే అర్థమైంది. ఈ మూలలో గోడకు గుసగుసగా చెప్పిన మాట ఎదురు మూలలో వాళ్ళకు వినిపిస్తోంది. మధ్యలో ఎంతమంది నడుస్తున్నా వాళ్ళకు వినపడదు. ఒక మూల ఖాళీ అయింది. హుస్సేన్‌బీ వెళ్ళి గోడకు మొహం ఆనించింది. 

"నేను హుస్సేన్‌బీని," అంది తెలుగులో. "చిన్నమండెం నుంచి వచ్చినా."

గోడలోంచి ఒక ముసలి గొంతు ఏదో పలికింది. ఆ భాషలో ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ అది తనకే చెప్పిన మాట. తిరిగి చూస్తే ఎదురు మూలలో టోపీ పెట్టుకున్న ముసలాయన చెయ్యెత్తి ఊపాడు. ఆమె కూడా ఊపింది.  ఆయన వెళ్ళిపోయాక కూడా అక్కడే నిలబడింది. మళ్ళీ ఒకసారి తన పేరు గోడకు చెప్పింది. ఈసారి అవతల ఎవరూ లేరు.

సన్నగా వాన మొదలైంది. ఊరంతా పంచలే కాబట్టి ఎవరూ పరుగులు తియ్యలేదు. ఆకలేసింది. ఒక సందు మొగదల పండ్ల అంగడి ముందు సల్వార్ వేసుకున్న ఆడమనిషి బుట్టలు లోపలికి జరుపుకుంటోంది. హుస్సేన్‌బీ చూపు చూసి, "ఆవో బాజీ, లోపలికి రా అక్కా, తడుస్తావు," అంది ఉర్దూలో.

పేరు అఫ్షాన్. పాకిస్తాన్‌లోనూ గుజరాత్ అనే ఊరుంది, ఆ వైపు మనిషి. మొగుడితో కలిసి పదిహేనేళ్ళుగా ఆ అంగడి నడుపుతోందట. చెక్కపెట్టె బోర్లించి కూర్చోబెట్టి, ఫ్లాస్కులోంచి టీ పోసి, రెండు అరటిపళ్ళు చేతిలో పెట్టింది. ఎవరితో వచ్చావు, ఎక్కడ పని అని ఒక్కొక్కటే రాబట్టింది. అంతా విన్నాక గొంతు తగ్గించింది.

"మా వీధిలో ఒక ఇండోనేషియా ఆమె ఉంది బాజీ. నీలాగే సౌదీ కుటుంబంతో వచ్చింది, నాలుగేళ్ళ కిందట. తిరిగి పోలేదు. ఇప్పుడు ఒక ముసలావిడను చూసుకుంటోంది. వారంలో ఒకటిన్నర రోజు ఆమె సొంతం."

"ఆ ఒకటిన్నర రోజు ఏం చేస్తుంది?" అడిగింది హుస్సేన్‌బీ.

అఫ్షాన్ నవ్వింది. "ఏం చేస్తుందా? ఏదో చేస్తుంది. తిరుగుతుంది. నిద్రపోతుంది. ఎవరడుగుతారు?" ఆ తర్వాత నవ్వు ఆపి, "మా ఇంట్లో పై గది ఖాళీగా ఉంది. ఈ పూటకు అక్కడ ఉండు. రేపు ఇక్కడ ఉండడానికి కాగితాలిచ్చే ఆఫీసుకు తీసుకుపోయే మనిషిని నేను చూస్తా. సులభమని అబద్ధం చెప్పను, ఏళ్ళు పడుతుంది. ఆలోచించుకో," అంది.

హుస్సేన్‌బీ టీ తాగడం ఆపేసింది. గ్లాసు చేతిలో చల్లారిపోయింది. పై గది ఎట్లా ఉంటుందో ఊహించుకుంది. దానికో కిటికీ, కింద ఈ వీధి. తాలీన్ గుర్తొచ్చింది.  రాత్రి తన చెయ్యి పట్టుకుంటే గానీ పడుకోదు. ఆ తర్వాతే షమీమ్ గుర్తొచ్చింది. ఎవరి తర్వాత ఎవరు గుర్తొచ్చారన్నది తలుచుకుని సిగ్గుపడింది.

"ఒక రవ్వ తిరిగొస్తా అక్కా," అని లేచింది.

అఫ్షాన్ ఇంకో రెండు పళ్ళు సంచిలో వేసి ఇచ్చింది. "అంగడి ఏడింటి దాకా తెరిచే ఉంటుంది," అంది.

అక్కడినుంచి రెండు గంటలు నడిచింది. ఇదివరకటి నడక కాదది. దేన్నీ చూడలేదు. వంకర సందుల్లో పడి పోతూ పోతూ మూడుసార్లు ఆ ఒరిగిన బురుజు దగ్గరికే తేలింది. ఒకసారి పండ్ల అంగడి ఉన్న సందు మొగదలకే వచ్చి, లోపల అఫ్షాన్ ఎవరికో ద్రాక్ష తూచడం చూసి, అడుగు ముందుకు పడక పక్క పంచలోకి తప్పుకుంది. నల్ల కుక్క ఎక్కడా కనిపించలేదు. పచ్చ తలుపులు పది కనిపించాయి. ఉన్నట్టుండి ఎదురుగా బొత్తాల అంగడి. దాన్ని వెతుక్కుంటూ వచ్చిందో, అదే దారికి అడ్డం వచ్చిందో ఆమెకు తెలియలేదు. తల వంచుకుని హోటల్లోకి నడిచింది.

గది తలుపు బార్లా తీసి ఉంది. పాపకు రైల్లో జ్వరం తగిలి మేడమ్ మధ్యాహ్నమే తిరిగొచ్చిందట. హుస్సేన్‌బీ పెట్టెను ఎవరో తెరిచి, అందులోని బట్టలన్నీ మంచం మీద కుమ్మరించారు. బాబా ప్రదర్శన వదిలి వచ్చి గది మధ్యలో నిలబడి ఉన్నాడు.

"ఎక్కడికి పోయావు?"

"నడిచినా బాబా."

"ఎవరితో?"

"ఎవరితో లేదు."

"ఆరు గంటలా? ఎందుకు?"

 చేతిలో అరటిపళ్ళ సంచి చూసి బాబా ముఖం ఇంకా బిగిసింది. అబద్ధమైతే ఏదో ఒకటి అల్లి ఉండేది. నిజాన్ని ఎట్లా నమ్మించాలో తెలియలేదు.  తిరుగు ప్రయాణం దాకా మేడమ్ ఆమెను కంటి ముందునుంచి కదలనివ్వలేదు. విమానాశ్రయంలో వరసలో నిలబడ్డంతసేపూ హుస్సేన్‌బీ వేసుకున్న నల్ల అబాయా చేతిని పట్టుకునే ఉంది. 

జెద్దాలో గేటుకు కొత్త తాళం వచ్చింది. బయటి చెత్తబుట్ట దాకా పోవాలన్నా భూషణమే తీయాలి.

శుక్రవారం షమీమ్ ఫోన్ చేసింది. తల్లి పంపిన ఫోటోలన్నీ మ్యాపులో పెట్టి చూసిందట.

"మా, నువ్వు పదకొండు కిలోమీటర్లు నడిచినావు! ఊరి నడిమంతా చుట్టేసినావు. ఆ గోడలో మాట్లాడే చోటుకి దునియాలో అందరూ వస్తారంట మా."

"అవునా బిడ్డా."

"మా, ఒకటి అడుగుతా. ఆ పండ్లంగడి ఆమె చెప్పినప్పుడు, ఉండిపోదామనిపించలేదా?"

"అనిపిచ్చింది."

"మరి ఎందుకు తిరిగి పోయినావు?"

"అదే తెలీక సస్తాండా," అంది హుస్సేన్‌బీ.

ఆ రాత్రంతా అదే మాట ఆమెను తిన్నది. బిడ్డ కోసం వచ్చినానని చెప్పుకుంది. కాదు, భయపడి వచ్చినానంది. పాప కోసమేమో. ఏది చెప్పుకున్నా మనసు ఒప్పుకోలేదు. ఒకటి మాత్రం నిజం. ఆ రోజు తనను ఎవరూ లాక్కురాలేదు. తన కాళ్ళతో తను వచ్చింది. ఆ సంగతి ఈ ఇంట్లో ఒక్కరికీ పట్టలేదు.

మర్నాడు మేడమ్ కాఫీ తాగుతుండగా ముందు నిలబడింది.

"మేడమ్, వారానికి ఒక పూట నేను బయటికి పోతా."

"ఎక్కడికి?"

"ఎక్కడికీ లేదు. నడవడానికి."

"ఎవరైనా ఉన్నారా నీకు?" మేడమ్ కప్పు కింద పెట్టింది. "నిజం చెప్పు."

"ఎవరూ లేరు."

"ఈ ఎండలో పిచ్చివాళ్ళు కూడా నడవరు. పో, పని చూసుకో."

భూషణం సంగతి విని బుర్ర గోక్కున్నాడు. "రూలయితే ఉందండీ. వారానికో రోజు సెలవివ్వాలని ఫోన్లో చదివాను. కానీ మనం రూలు మాట్లాడితే ఆళ్ళు టిక్కెట్టు మాట్లాడతారు. జాగ్రత్తండీ, ఆయ్."

నాలుగు రోజులు ఓపిక పట్టింది. ఐదోనాడు సాయంత్రం అసర్ నమాజు వేళ నీళ్ళ ట్యాంకరు కోసం గేటు తెరిచారు. ట్యాంకరు లోపలికి వచ్చింది, హుస్సేన్‌బీ బయటికి నడిచింది. దాక్కోలేదు, పరుగెత్తలేదు. ఆ వీధిలో నడవడానికి చోటు లేదు. కార్లు కాలిబాట మీదికి ఎక్కించి ఉన్నాయి. వేడి అరికాళ్ళలోంచి ఎక్కుతోంది. గోడలు, గేట్లు, ఏసీల వెనకనుంచి కారే నీళ్ళు. చూడ్డానికేమీ లేదు. అయినా ఆ వీధినంతా చుట్టి, మసీదు మీదుగా తిరిగి, ఇరవై నిమిషాల్లో ఇంటికి వచ్చి గంట కొట్టింది.

తలుపు మేడమే తీసింది. ముఖం పాలిపోయి ఉంది.

"నిన్ను ఏం చెయ్యాలి నేను?" అని అరిచింది. "ఉండలేకపోతే చెప్పు. ఖురూజ్ కొట్టిస్తాను. సామాను సర్దుకుని నీ దేశం పో!"

ఖురూజ్ అంటే తిరిగి రాని ప్రయాణం. పదకొండేళ్ళలో ఆ మాట విన్నప్పుడల్లా హుస్సేన్‌బీ కాళ్ళమీద పడినంత పని చేసేది. ఈసారి చెమట తుడుచుకుని, "సరే మేడమ్. కొట్టించండి," అంది. ఆ మాట తన నోటినుంచే వచ్చిందా అని తనకే అనుమానం కలిగింది.

మేడమ్ తెల్లబోయింది. కుర్చీలో కూలబడింది. 

"ఆ రోజు గదిలో నువ్వు లేవు. పాప ఒళ్ళు కాలిపోతోంది, నువ్వు కావాలని ఏడుస్తోంది. పోలీసులకు చెప్దామన్నాడు బాబా. నేనే వద్దన్నాను. పోతే పోనీ అన్నాను. నువ్వెందుకు తిరిగొచ్చావు హుస్నా?"

"తెలీదు మేడమ్. తలుపు తీసే ఉండింది. పోయినా, వచ్చినా. ఈరోజూ అంతే కదా. గంట కొట్టింది నేనే కదా."

మేడమ్ లేచి లోపలికి వెళ్ళిపోయింది. రెండు రోజులు గడిచాయి. ఖురూజ్ కాగితం వస్తుందనే హుస్సేన్‌బీ అనుకుంది. బట్టలు కూడా మడిచి పెట్టుకుంది. తాలీన్ చెయ్యి పట్టుకుని పడుకోబెట్టాక మాత్రం, పాప నిద్రపోయినా ఆ చెయ్యి వదిలేది కాదు.

శుక్రవారం మధ్యాహ్నం మేడమ్ వంటింట్లోకి వచ్చి గట్టు మీద ఒక కార్డు పెట్టింది. హుస్సేన్‌బీ ఇకామా, ఆ దేశంలో ఉండడానికిచ్చే గుర్తింపు కార్డు. ఇన్నేళ్ళూ అది మేడమ్ బీరువాలోనే ఉండేది.

"అసర్ నుంచి రాత్రి ఇషా నమాజు దాకా. పోలీసులు అడిగితే ఇది చూపించు. ఫోన్ ఎత్తు. భూషణ్ దింపుతాడు," అని ముఖం చూడకుండా వెళ్ళిపోయింది. గుమ్మం దగ్గర ఆగి, "ప్రతి వారం అని నేను అనలేదు," అంది.

"ఎక్కడికి పోదామండీ?" అన్నాడు భూషణం కారు తీస్తూ.

"పాత ఊరికి పోనీ అన్నా. నడిచేచోటికి."

బలద్‌లో దింపాడు. జెద్దా పుట్టినప్పటి పేటలు అవి. పగడపు రాళ్ళతో కట్టిన ఎత్తైన ఇళ్ళు, వాటి ముందుకు పొడుచుకొచ్చిన చెక్క కిటికీలు. కొన్నింటికి కొత్తగా రంగు వేశారు. కొన్ని ఇనప గొట్టాల మీద వాలి నిలబడి ఉన్నాయి. వక్కపొడి రంగు పిల్లులు మెట్ల మీద పడుకుని ఉన్నాయి.

"వెనకాల రమ్మంటారా?" అన్నాడు భూషణం.

"వద్దన్నా."

ఆమె మొదటి సందులోకి తిరిగింది. ఎదురుగా పోలీసు బండి నెమ్మదిగా వస్తుంటే ఇకామా మీద చెయ్యి బిగించింది. బండి దాటిపోయింది. ఎవరూ ఆమె వంక చూడలేదు. పచ్చి మసాలాల వాసన, సాంబ్రాణి పొగ, ఎక్కడో సుత్తి దెబ్బలు. సందు రెండుగా చీలింది, అందులో ఒకటి మళ్ళీ రెండైంది. ఆమె అడుగులు నెమ్మదించలేదు. గంట దాటిపోయాక ఫోన్ మోగింది.

"ఎక్కడున్నారండీ?" భూషణం గొంతులో కంగారు.

"తెల్దన్నా."

"పక్కన ఏముందో చెప్పండి."

హుస్సేన్‌బీ చుట్టూ చూసింది. "తలుపు ఉండాది. మూసినారు. మెట్లు ఉండాయి పైకి."

"అక్కడే ఉండండి. నేనొస్తా."

"రావద్దు. నేనే వస్తా," అంది. "కొంచేపు పడ్తాది."

ఫోన్ సంచిలో వేసుకుని, ఆ మెట్లు ఎక్కడం మొదలుపెట్టింది.